ఆ మూడు రోజులు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయి?

2019 డిసెంబర్ 6, శుక్రవారం. ప్రార్థన గంట కొట్టకముందే వార్త మా తండా బడికి చేరింది. దిశ కేసులో పట్టుబడిన నలుగురూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయారట. తోటి ఉపాధ్యాయుడొకరు దేవరకొండ నుంచి వస్తూ మిఠాయి పొట్లం తెచ్చారు. నేనూ ఒక ముక్క తీసుకున్నాను, తిన్నాను. ఈ వ్యాసం రాసే అర్హత నాకుందో లేదో తెలియదు గానీ ఆ సంగతి దాచిపెట్టి రాస్తే మాత్రం ఉండదు.

తొమ్మిదో తరగతిలోకి పోగానే ఒక పిల్ల లేచి అడిగింది. "సార్, వాళ్లే చేసిన్రని ఎవరు చెప్పిన్రు?"

"పోలీసులు చెప్పారమ్మా."

"మా నాయినను గూడ దొంగ అని పోలీసులే చెప్పిన్రు గద సార్."

తరగతిలో ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, జవాబూ రాలేదు. పాఠం తెరిచి గండం గట్టెక్కాను. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ కూడా పూర్తి చేసింది. నేను ఆమెకు ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

ముందు జరిగిన ఘోరం గురించి. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపి, శవాన్ని చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారు. ఆ రాత్రి ఆమె ఇంటివాళ్లు పోలీసుల దగ్గరకు పరుగెత్తితే, ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారు. ఫిర్యాదు రాసుకోవడంలో ఆలస్యం చేశారని ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను తర్వాత సస్పెండ్ చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

పట్టుబడిన నలుగురూ మన పాత మహబూబ్‌నగర్ జిల్లా పిల్లలే. ఇప్పటి నారాయణపేట జిల్లా మక్తల్ మండలంలోని గుడిగండ్ల, జక్లేర్ ఊళ్లవాళ్లు, లారీల మీద పనిచేసేవాళ్లు. నవంబర్ 29 తెల్లవారకముందే పోలీసులు ఇళ్లకు వచ్చి తీసుకుపోయారని కుటుంబాలవాళ్లు చెప్పారు. అరెస్టును ప్రకటించింది ఆ సాయంత్రం. మర్నాడు షాద్‌నగర్ స్టేషన్ చుట్టూ వేలమంది. "మాకు అప్పగించండి, ఉరి తీయండి" అని కేకలు. నిందితులను కోర్టుకు తీసుకుపోలేదు. మేజిస్ట్రేట్ అందుబాటులో లేరని తహసీల్దారును స్టేషన్‌కే పిలిపించారు. ఆయన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో 14 రోజుల రిమాండు రాసి చర్లపల్లి జైలుకు పంపారు. షాద్‌నగర్ న్యాయవాదులు వాళ్ల తరఫున వాదించబోమని ప్రకటించారు. ఆ తర్వాత కోర్టు పోలీసు కస్టడీకి అనుమతించింది. ఆరో తేదీ తెల్లవారుజామున నలుగురూ శవాలయ్యారు. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు.

ఎన్‌కౌంటర్ మీద దేశమంతా చర్చ జరిగింది. దానికి ముందరి వారం గురించి జరిగింది తక్కువ. నాకు ఆ వారం గురించే మాట్లాడాలని ఉంది. నలుగురిని పట్టుకోవడం, ఉంచడం, రిమాండు రాయడం చట్టప్రకారం జరిగాయా? ఈ ప్రశ్న అడిగిన కొద్దిమందిని, "వాళ్లు చేసిందేమిటి, మీరు అడిగేదేమిటి" అని నోరు మూయించారు. నేనూ స్టాఫ్‌రూంలో అలాగే అన్నాను.

అక్కడే మన ఆలోచన తప్పుదారి పట్టిందనుకుంటాను. "వీడు చంపాడా" అన్నది ఒక ప్రశ్న. "వీణ్ణి పట్టుకున్నవాళ్లు చట్టప్రకారం పట్టుకున్నారా" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలియడానికి నెలలు పడుతుంది. రెండోదానికి 24 గంటల్లో తెలియాలి. మనం మొదటిదానికి జవాబు తెలిసిపోయినట్టు అనుకుని, ఆ ధైర్యంతో రెండోదాన్ని అడగడం మానేస్తాం.

రాజ్యాంగం 22వ అధికరణం మన సాంఘిక శాస్త్రం పుస్తకంలోనే ఉంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అరెస్టు కాగితం మీద తేదీ, వేళ వేయాలని, ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని, బంధువులకు కబురు చేయాలని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ తర్వాత చట్టంలోకే ఎక్కాయి. 2024 జూలై 1 నుంచి నడుస్తున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి.

హత్య లాంటి నేరంలో పోలీసులకు ఉన్న అధికారం చిన్నది కాదు. వారంటు అక్కర్లేదు, కోర్టును ముందుగా అడగనక్కర్లేదు. సరైన అనుమానం ఉంటే అర్ధరాత్రయినా మగవాణ్ణి ఇంట్లోంచి తీసుకుపోవచ్చు. ఆడవాళ్ల విషయంలోనే పొద్దు గూకిన తర్వాత ప్రత్యేకమైన అనుమతి కావాలి. ఇంత అధికారం ఇచ్చి చట్టం తిరిగి అడిగేది ఒక్కటే. పట్టుకున్నప్పుడే రాయి, రాసింది ఒక న్యాయాధికారికి చూపించు. అందుకే "హంతకులను పట్టుకోవాలంటే చట్టం పక్కన పెట్టాల్సిందే" అనే మాట నాకు అర్థం కాదు. పట్టుకోవడానికి చట్టం అడ్డం లేదు. పట్టుకున్న సంగతి దాచడానికే అడ్డం.

మా పెద్దబాపు కథ చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు పక్క ఊళ్లో ఒక ఆసామి హత్య జరిగింది. పెద్దబాపు ఆయన మోటబాయి దగ్గర జీతం ఉండేవాడు. ఆ రాత్రి జీపు తండాలోకి వచ్చింది. "మాట్లాడి పంపిస్తం" అన్నారు. మూడు రోజులు పంపలేదు. మా యాడి, పెద్దయాడి జొన్నరొట్టెలు మూటగట్టుకుని పోతే, "ఆ పేరుగలోడు ఇక్కడ లేడు" అన్నారట. లోపలి నుంచి దగ్గు వినబడుతోంది. మా ఇంటి దగ్గు మాకు తెలియదా?

నాలుగో రోజు వదిలేశారు. అరికాళ్లు వాచి, గోడ పట్టుకుని నడిచాడు. కొన్ని నెలలకు అసలు సంగతి బయటపడింది. భూమి తగాదాలో చచ్చిపోయినాయన సొంత బంధువే చేయించాడు. కథ అక్కడితో అయిపోవాలి కదా. అవలేదు. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ మోటారు పోయినా, ఏ మేక పోయినా పెద్దబాపు పేరు ముందు వచ్చేది. "ఏం చేయకుంటే అప్పుడెందుకు తీస్కపోయిన్రు?" అనేవాళ్లు. స్టేషన్ పుస్తకంలో ఆ మూడు రోజులు లేవు, అంటే ఆయన ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. కొట్టారని చెప్పుకుందామంటే ఆయన అక్కడికి పోయినట్టే రుజువు లేదు. నిర్దోషినని చెప్పుకుందామంటే కేసే లేదు, కొట్టేయడానికి. పెట్టిన కేసు నుంచి మనిషి ఎప్పుడో ఒకప్పుడు బయటపడతాడు. పెట్టని కేసు నుంచి పెద్దబాపు చచ్చిపోయేదాకా బయటపడలేదు.

మనవాళ్లకు ఈ భయం ఒక్క ఇంటిది కాదు, ఒక్క తరానిది కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే అనుమానానికి సాక్ష్యం చేసింది. ఎరుకల అన్నదమ్ములను అడగండి, ఠాణాకు పోయి హాజరు వేయించుకున్న ముసలోళ్ల కథలు వాళ్ల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ చట్టం 1952లో పోయింది. అలవాటు పోయిందా? 2021 జూన్‌లో పాత నల్లగొండ జిల్లాలోని అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానం మీద తెచ్చిన దళిత మహిళ చనిపోయింది. అదే సంవత్సరం నవంబర్‌లో సూర్యాపేట జిల్లా ఆత్మకూర్(ఎస్)లో దొంగతనం పేరుతోనే పట్టుకుపోయిన లంబాడా యువకుణ్ణి చితకబాదారని తండావాళ్లు రోడ్డెక్కారు. 2023 ఆగస్టు 15 రాత్రి, జెండా పండుగ నాడు, హైదరాబాద్ ఎల్బీనగర్ స్టేషన్‌లో మన లంబాడా మహిళను కొట్టారని గొడవైంది, ఇద్దరు పోలీసులను సస్పెండ్ చేశారు. అదే 2021 నవంబర్‌లో 'జై భీమ్' సినిమా వచ్చింది. చూసి అందరం కళ్లు తుడుచుకున్నాం. రెండేళ్ల కింద మిఠాయి తిన్నదీ మనమే.

ఇక్కడ ఒక తమ్ముడు నన్ను ఆపుతాడని తెలుసు. "సార్, దొంగతనం వేరు, హత్య వేరు. అమాయకుణ్ణి పట్టుకోవడం వేరు, హంతకుణ్ణి పట్టుకోవడం వేరు. మీ పెద్దబాపునూ ఆ నలుగురినీ ఒక గాటన కట్టకండి." నిజమే, ఒక గాటన కట్టడం లేదు. కానీ జీపు తండాలోకి వచ్చిన రాత్రి పెద్దబాపు అమాయకుడని ఎవరికి తెలుసు? పోలీసుల కళ్లకు ఆయన హంతకుడే, పక్క ఊరికీ హంతకుడే. తెలియని ఆ గంటల కోసమే 24 గంటల నియమం పుట్టింది. అమాయకుడని ముందే తెలిస్తే ఏ నియమమూ అక్కర్లేదు, ఇంటికి పంపిస్తే చాలు.

చటాన్‌పల్లి విషయంలో ఆ గంటల విలువ తర్వాత తెలిసింది. సుప్రీంకోర్టు 2019 డిసెంబర్ 12న విశ్రాంత న్యాయమూర్తి సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. నివేదిక 2022 జనవరిలో అందింది, మే నెలలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. వార్తల్లో ఇదంతా వచ్చింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో మాట. నలుగురిలో ముగ్గురు నేరం జరిగిన నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని కమిషన్ అభిప్రాయపడింది.

అంటే వాళ్లు పోవాల్సింది చర్లపల్లి జైలుకు కాదు, జువైనల్ బోర్డు ముందుకు. పదహారు నిండిన పిల్లవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాడిలాగా విచారించాలో లేదో తేల్చేది కూడా ఆ బోర్డే. ఈ సంగతి ఎక్కడ బయటపడాలి? మేజిస్ట్రేట్ ముందు. ఆయన ముఖం చూసి, "నీ వయసెంత బాబూ, ఏ బడిలో చదివావు" అని అడగాలి. దెబ్బలున్నాయా అని, ఇంటివాళ్లకు తెలుసా అని అడగాలి. వకీలు ఉంటే వకీలు అడుగుతాడు. ఇక్కడ వకీళ్లు రామన్నారు, కోర్టుకు తీసుకుపోలేదు. బయట వేలమంది కేకలు వేస్తుంటే స్టేషన్‌లో కూర్చుని తహసీల్దారు కాగితం రాశారు. పాత చట్టం 167వ సెక్షన్‌లో న్యాయ మేజిస్ట్రేట్ దొరకనప్పుడు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ రిమాండు ఇవ్వచ్చని ఉంది. అదీ ఆ అధికారం ప్రత్యేకంగా ఇచ్చి ఉంటే, మొత్తం మీద ఏడు రోజులకు మించకుండా. రాసిన రిమాండు 14 రోజులు. ఆ కేకల మధ్య కూర్చున్న అధికారి మీద రాయి వేయడం నాకు తేలిక కాదు. ఆ కుర్చీలో నేనుంటే ఏం రాసేవాణ్ణో తెలియదు.

నవంబర్ 27 దగ్గరకు మళ్లీ వస్తానన్నాను. ఆ రాత్రి ఆడపిల్ల కనబడడం లేదని ఇంటివాళ్లు మొత్తుకుంటే వెంటనే రాయలేదు. రెండు రోజుల తర్వాత నలుగురిని తెచ్చినప్పుడు తెచ్చిన వేళకు రాయలేదని వాళ్ల ఇంటివాళ్ల మాట. మొదటిది బాధితురాలికి జరిగిన అన్యాయం, రెండోది నిందితులకు. మనం వీటిని ఎదురెదురుగా నిలబెట్టి, నువ్వు ఎవరి పక్షం అని అడుగుతాం. నాకు రెండూ ఒకే రోగంలా కనబడతాయి. తనకు వీలైనప్పుడు రాసుకోవచ్చు, వీలుకానప్పుడు మానేయవచ్చు అనుకునే స్టేషన్ ఆడపిల్ల ఫిర్యాదునూ రాయదు, పెద్దబాపు వచ్చిన వేళనూ రాయదు. బాధితురాలి కోసం కోపం వచ్చినవాళ్లకు అరెస్టు పుస్తకం మీద కూడా కోపం రావాలి.

హాజీపూర్ సంగతి చూడండి. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం, మన పాత నల్లగొండే. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న పిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. ఊరు అగ్గి మీద గుగ్గిలమైంది, నిందితుడి ఇల్లు తగలబెట్టారు. ఆ కోపంలో వాణ్ణి జనం చేతికి ఇచ్చినా, పోలీసులు కాల్చేసినా ఎవరూ కన్నీరు కార్చేవాళ్లు కాదు. కానీ వాణ్ణి అరెస్టు చేసి విచారించారు. విచారణలో ఇంకో అమ్మాయి హత్య బయటపడింది. దాని వెనక 2015లో కనబడకుండా పోయిన పదకొండేళ్ల పిల్ల సంగతి బయటపడింది. నాలుగేళ్లుగా ఆ తల్లి బిడ్డ ఎక్కడో బతికి ఉందనుకుంటోందో, లేదనుకుంటోందో! మొదటి రోజే వాడు చనిపోయి ఉంటే ఆ తల్లికి ఎప్పటికీ తెలిసేది కాదు. నల్లగొండ కోర్టు 2020 ఫిబ్రవరి 6న ఉరిశిక్ష విధించింది, చటాన్‌పల్లి జరిగి సరిగ్గా రెండు నెలలకు. ఉరిశిక్ష సరైనదా కాదా అన్నది వేరే వ్యాసం. నేను చెప్పేది ఆ ముగ్గురు పిల్లలకు ఏం జరిగిందో తీర్పులో పేజీల కొద్దీ రాసి ఉందని. దిశకు ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే తీర్పు ఏ కోర్టులోనూ లేదు, ఇక రాదు.

చిక్కు ప్రశ్న కూడా ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. అరెస్టుకు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో తేల్చింది. అదే సంవత్సరం నవంబర్‌లో, కారణాలు రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని మరో తీర్పులో చెప్పింది. ఈ లెక్కన నిజంగా హత్య చేసినవాడు కూడా పోలీసు కాగితం సరిగా రాయలేదని బయటికి రావచ్చు. చచ్చిపోయినవాడి భార్య అది చూసి ఏమనుకోవాలి? నాకు దీనికి మనసు కుదుటపడే జవాబు లేదు. అరెస్టు చెల్లకపోతే కేసు చావదు, విచారణ నడుస్తుంది, సరైన కారణాలతో మళ్లీ పట్టుకోవచ్చు అని న్యాయం తెలిసినవాళ్లు చెబుతారు. అది నిజమే, కానీ ఆ భార్యకు అది సరిపోదు. అయితే ఆమె కోపం ఎవరి మీద ఉండాలి? ఒక కాగితం రాయడానికి బద్ధకించినవాళ్ల మీద కదా. "అర్థమయ్యే భాషలో" అన్నచోట నేను కాసేపు ఆగాను. నల్లమల పెంటలోని చెంచు మనిషికి, గోర్ బోలి తప్ప రాని ముసలి యాడికి ఆ ముక్క ఎంత పెద్దదో మనకు తెలుసు.

ఇంకో విచిత్రం. సిర్పూర్కర్ నివేదిక మీద కొందరు పోలీసు అధికారులు హైకోర్టుకు పోయారు. మా మాట సరిగా వినకుండానే మమ్మల్ని తప్పుపట్టారన్నది వాళ్ల వాదన. 2024లో హైకోర్టు ఆ నివేదిక మీద చర్యలు నిలిపేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దీని మీద కొందరు మిత్రులు మండిపడ్డారు. నేను పడలేదు. వాళ్లూ ఇప్పటికి నిందితులే, నేరం రుజువు కాలేదు, తమ మాట వినమని అడిగే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది. ఆ హక్కు ఎంత విలువైనదో వాళ్లకు ఇప్పుడు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. బడికి ఒక పిల్ల రాకపోతే, "నాయినను తీస్కపోయిన్రు" అని తెలిస్తే, ఆ రోజే స్టేషన్‌కు పోండి. ఒంటరిగా వద్దు, సర్పంచునో ఇంకో టీచరునో తోడు తీసుకుపోండి. గొడవ పెట్టుకోవద్దు, ఆయన నిర్దోషి అని వాదించొద్దు, అది మన పని కాదు. ఎప్పుడు తెచ్చారు, ఏ కేసు, ఇంట్లో ఎవరికి చెప్పారు అని మాత్రం అడగండి. అడిగిన తేదీ, వేళ మీ నోటుబుక్కులో రాసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్టీలకు వకీలు ఉచితం. మా యాడి రొట్టెల మూటతో నిలబడ్డ రోజున ఇలా అడిగేవాడు ఒక్కడుంటే "ఆ పేరుగలోడు ఇక్కడ లేడు" అనే మాట అంత తేలిగ్గా నోట వచ్చేది కాదు.

మన చేతిలోనూ ఒక రిజిస్టర్ ఉంది, అడ్మిషన్ రిజిస్టర్. గుడిగండ్ల, జక్లేర్ పిల్లల వయసు ప్రశ్న వచ్చినప్పుడు వెతికింది ఏమిటి? బడి రికార్డులే. ఎప్పుడో ఒక టీచరు కలం పట్టుకుని వేసిన తేదీ మీద, వాడు బాలుడా పెద్దవాడా అన్న తీర్పు నిలబడింది. అది చదివిన రోజు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే మనం ఎలా రాస్తామో మనకు తెలుసు. పుట్టిన తేదీ తెలియదంటే జూన్‌లో ఏదో ఒక రోజు వేస్తాం, ఆధార్‌వాళ్లు జనవరి ఒకటి వేసినట్టు. మా బడి పాత రిజిస్టర్ తీసి చూస్తే ఒక ఏడాది చేరిన వాళ్లలో సగంమంది జూన్‌లోనే పుట్టారు. అందులో కొన్ని తేదీలు నా చేతిరాతలోనివే.

పోయిన జూన్‌లో ఒక తల్లి పిల్లవాణ్ణి తీసుకొచ్చింది. కాగితాలేవీ లేవు. చెరకు కొట్టడానికి వలస పోయినచోట పుట్టాడట, ఏ ఊరో కూడా సరిగా చెప్పలేకపోయింది. "నీకు తోచింది రాయి సారూ" అంది. కలం ఆపి, వాడు పుట్టినప్పుడు తీజ్ అయిందా, ఇంకా కాలేదా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. అప్పుడే ఇంటికి తిరిగొచ్చారట, తండాలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి నీళ్లు పోస్తున్నారట, వీడు చంకలో నెలల పిల్లవాడట. ఎన్ని నెలలని అడిగాను. ఇంకా మెడ నిలవలేదంది. ఏ సంవత్సరమో తెలుసుకోవడానికి వాళ్ల అక్క పెళ్లి, మా తండా బోరు ఎండిపోయిన ఎండాకాలం, అన్నీ ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. వెనక వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులు విసుక్కున్నారు. నేను వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.